అడిగినప్పుడే పుట్టు ఆవర్జా

జమాఖర్చులు వ్రాయుటకై పడిన శ్రమకు ఫలము, వ్రాసినదానిని తిరిగి ప్రశ్నింపగలుగుటయందే యున్నది. ఏ మాసమున దేనికెంత వ్యయమైనది, ఎవరికెంత బాకీ యున్నది, చేతనున్న నగదు పుస్తకములోని నిల్వతో సరిపోవుచున్నదా లేదా యను ప్రశ్నలకు ప్రత్యుత్తరమీయజాలని లెక్క, ఎంత చక్కని దస్తూరితో వ్రాయబడినను, నిరుపయోగమే. అందువలననే మన వర్తకుల దుకాణములలో గుమాస్తాలు ఏనాటి పద్దు నానాడు చిట్టాలో నెక్కించి, పిమ్మట ఆ పద్దులనే ఖాతాల వారీగా విడదీసి ఆవర్జాలో మరల వ్రాయుచుండిరి. 1494లో వెనిస్ నగరమున ముద్రితమైన తన గణితగ్రంథమున లూకా పాచోలీ వర్ణించిన ఇటలీ వర్తకుల పద్ధతియందును, స్మృతిపుస్తకమునుండి దినవహికి, దినవహినుండి ఖాతాపుస్తకమునకు పద్దు ఇట్లే ప్రయాణము చేయును. ఈ పునర్లేఖనమునకు కారణమొక్కటియే: చిట్టా కాలక్రమమున నడచును, ప్రశ్నలు మాత్రము ఖాతాల వరుసను పుట్టును.

2003లో జాన్ వీగ్లీ అను ప్రోగ్రామరు రచించిన లెడ్జర్ అను సాధనము ఈ రెండవ వ్రాతను మనుష్యుని చేతినుండి తొలగించినది. ఏ ఎడిటరులోనైనను తెరువదగిన సాదా టెక్స్టు ఫైలుగా చిట్టానొక్కదానినే మనము వ్రాయుదుము. ఆవర్జా యెక్కడను భద్రపరుపబడదు, అడిగిన క్షణమున కంప్యూటరు మొదటి పద్దు మొదలుకొని చదివి దానిని కూర్చి చూపును. తరువాత సైమన్ మైకేల్ హాస్కెల్ భాషలో హెచ్‌లెడ్జర్‌ను, మార్టిన్ బ్లే పైథాన్ భాషలో బీన్‌కౌంట్‌ను నిర్మించిరి. వీనిలో హెచ్‌లెడ్జర్ పద్ధతినే ఇచట ప్రధానముగా గ్రహింతును.

పద్దు రూపము సరళము. మొదటి పంక్తిలో తేదీయు వివరణమును, దాని క్రింది పంక్తులలో కొంత లోనికి జరిపి ఖాతాపేరును, రెండు ఖాళీలు విడిచి మొత్తమును వ్రాయవలెను. కూరగాయలకు 340 రూపాయలు చెల్లించినచో ‘ఖర్చులు:ఆహారం:కూరగాయలు’ అను ఖాతాకు 340, ‘ఆస్తులు:నగదు’ అను ఖాతాకు ఋణచిహ్నముతో 340. డెబిట్ క్రెడిట్ అను పేరులకు మారుగా ధనఋణసంఖ్యలు నిలిచినందున, జంటపద్దు విధానమంతయు ఒక్కొక్క పద్దులోని అంకెలు కూడిన సున్న కావలెనను నియమమునకు వచ్చినది. ఖాతాపేరులో ఒక ఖాళీ యుండవచ్చును గనుకనే మొత్తమునకు ముందు రెండు కావలసివచ్చినవి; ఒకటియే విడిచినచో అంకె సైతము పేరులో భాగమైపోవును.

ప్రశ్నించువాడు టెర్మినల్‌లో ప్రోగ్రాము పేరును, ఆజ్ఞను, ఆ వెనుక వడపోతపదములను టైపుచేయును. బ్యాలెన్స్ ఆజ్ఞ ఖాతాల మొత్తములను చూపును. రిజిస్టర్ ఆజ్ఞ ఒక్కొక్క పద్దును, దానివెంట పేరుకొనుచు వచ్చు మొత్తమును చూపును. రెండు ఖాతాపేరులిచ్చినచో వానిలో నేదైనను చాలును. ఖాతాపేరునకు తేదీ తోడైనచో రెండును పొసగవలెను. పేరునంతటిని వ్రాయనక్కరలేదు, ఇచ్చిన అక్షరములు ఖాతాపేరులో నెచటనున్నను అది ఎన్నికయగును. ఈ సౌకర్యమునందే ఒక ప్రమాదమును గలదు. ‘పాలు’ అని యడిగినవానికి దీపావళినాడు కొన్న ‘దీపాలు’ సైతము ఆ లెక్కలో కలిసి వచ్చును, ఏలయన ఆ పేరు కడపట నున్నవి ఆ అక్షరములే. పైఖాతాను వేరుచేయు కోలన్ గుర్తును ముందుంచి ‘:పాలు’ అని యడిగినచో దీపములు తొలగిపోవును. ప్రశ్నలో దోషమున్నను మూలమునకు హాని లేదు. ఈ ఆజ్ఞలు చిట్టాను చదువునే గాని అందొక అక్షరమునైనను మార్పవు. కావున అభ్యాసి నిర్భయముగా పదిరీతుల నడిగి చూడవచ్చును, అట్లడుగుటయే ఈ విద్యను నేర్చుకొను మార్గమని నా నమ్మకము.

అన్నిటికంటె సూక్ష్మమై, నా యెరుకలో పెక్కుమందిని తికమకపరచునది, కదలికకును నిల్వకును గల భేదము. మార్చి ముగియునప్పటికి బ్యాంకులో 50,000 రూపాయలున్నవనియు, ఏప్రిల్‌లో 30,000 జమయై 22,000 వెచ్చమైనవనియు అనుకొందము. ఏప్రిల్ నెలను మాత్రమే యిచ్చి బ్యాంకు ఖాతాకు బ్యాలెన్స్ అడిగినచో వచ్చు సమాధానము 8,000. హిస్టారికల్ అను ఐచ్ఛికమును జోడించి యడిగినచో 58,000. రెండును సత్యములే, మొదటిది ఆ నెలలో జరిగిన మార్పు, రెండవది ఆ నెల తుదినున్న నిల్వ. ఖర్చులకును ఆదాయమునకును మార్పే అర్థవంతము, పుట్టినది మొదలు నేటివరకు తిన్న కూరగాయల మొత్తముతో ఎవరికిని పనిలేదు. ఆస్తులకును అప్పులకును నిల్వయే అర్థవంతము. ఆస్తి అప్పుల పట్టీని, ఆదాయవ్యయ పట్టీని చూపుటకు హెచ్‌లెడ్జర్‌లో వేర్వేరు ఆజ్ఞలుండుటకు మూలమిదియే: మొదటిది తనంతట నిల్వలను, రెండవది మార్పులను గణించును.

తేదీల విషయమున నొక జాగ్రత్త చాలును. ముగింపు తేదీగా మన మిచ్చు దినము లెక్కలో చేరదు. మన ఆర్థిక సంవత్సరమునకు ఆరంభము 2024 ఏప్రిల్ 1 యని చెప్పినవాడు, ముగింపును 2025 మార్చి 31 అని గాక ఏప్రిల్ 1 అనియే చెప్పవలెను. లేనిచో కడపటి దినపు పద్దులు చప్పుడు లేక జారిపోవును.

బీన్‌కౌంట్ మార్గము వేరు. దానికి తోడైన బీన్‌క్వెరీ, 1974లో ఐబీఎమ్ శాస్త్రజ్ఞులు చాంబర్లిన్, బాయిస్ ప్రకటించిన ప్రశ్నాభాషనుండి వెలసిన ఎస్‌క్యూఎల్‌ను పోలినది. ఏ వివరములు కావలెనో, ఏ పద్దులను విడువవలెనో, దేనినిబట్టి గుంపులు కట్టవలెనో వాక్యములో స్పష్టముగా చెప్పవలెను. చిన్న ప్రశ్నకిది దీర్ఘమే కాని, క్లిష్టమైన ప్రశ్నకు దీని క్రమశిక్షణయే మేలనిపించును.

ఇంటిలో బంగారమున్నవారు దానిని గ్రాములలోనే ఖాతాకెక్కింపవచ్చును. రూపాయలును గ్రాములును ఒకే ఖాతాలో నున్నను ఈ సాధనములు వానిని కూడి ఒక్క అంకె చేయవు, రెండు మొత్తములను ప్రక్కప్రక్కనే చూపును. అంతటిని రూపాయలలో చూడగోరినవారు ఆయా దినముల ధరలను ఫైలులో వ్రాసియుంచుకొని, కొన్న వెలకు లెక్కింపవలెనో, నేటి ధరకు లెక్కింపవలెనో ప్రశ్నలోనే తెలుపవలెను.