బొట్టు పెట్టి పిలిచిన సభ

పేరంటమునకు పిలుచుటలో రెండు విధములు గలవు. ఫలానినాడు మా యింట పేరంటమని వీధివారి కందఱికిని కబురు పంపి యూరకుండుట యొక విధము. కుంకుమభరిణ చేతబట్టి గడపగడపకు నేగి, బొట్టు పెట్టి, "మీరు తప్పక రావలెను, వదినగారూ" యని పిలుచుట రెండవ విధము. మొదటి పిలుపునకు ఎప్పుడును వచ్చువారే వత్తురు. వీధికి క్రొత్తగా వచ్చిన కోడలు "నేను రాకున్న నడుగువా రెవరు?" అనుకొని తలుపు చేరవేసికొనును. ఆమెను పిలువలేదని యనరాదు. పిలిచితిమని చెప్పుకొనుటకును నోరు రాదు.

ఈ చిక్కే కంప్యూటరు విద్వాంసుల మహాసభ నొకదానిని చాలకాలము పట్టియుండెను. అది యెట్లు సడలినదో మన సోదరీమణులు తెలిసికొనదగియున్నది.

కంప్యూటరుచే పని చేయించుటకు మనుష్యులు కల్పించుకొన్న భాషలు పెక్కులు. వానిలో పైథా ననున దొకటి. హాలండు దేశీయుడగు గైడో వాన్ రోసమ్ దీనిని 1991లో లోకమునకు వెల్లడించెను. ఈ పేరు పామునుబట్టి వచ్చినది కాదు. ఇంగ్లండులోని యొక హాస్యనటుల బృందము పేరునుండి తీసికొన్నది. 1994 నవంబరులో అమెరికాలోని మేరీలండు రాష్ట్రమున ఈ భాషాభిమానులు మొదట గూడినపుడు వచ్చినవారు 20 మంది. 2003 నుండి పైకాన్ అను పేర ఏటేట మహాసభ జరుగసాగెను. 2012లో సాంటా క్లారా పట్టణమున జరిగిన సభకు రెండువేలకు మించి వచ్చిరి.

ఈ సభలో ప్రసంగింపగోరువారు తమ విషయమును ముందుగా వ్రాసి పంపవలెను. ఎవరైనను పంపవచ్చును, స్త్రీలు పంపరాదని యెచ్చటను లేదు. అయినను 2011లో అట్లాంటా సభయందలి ప్రసంగములలో స్త్రీలు చేసినవి నూటికి 1 మాత్రమే. ద్వారము తెఱచియే యున్నది, వారు రాకున్న మేమేమి చేయుదుమని యనుట సులభము. జెస్సికా మెకెల్లర్ అను నామె అట్లనలేదు. వెలుపల నిలిచిపోయినవారిని సభలోనికి దెచ్చు బాధ్యత యామెపై నుండెను. ఆమెయు, తోడివారును స్త్రీల నొక్కొక్కరినే పలుకరించి, ప్రసంగ విషయములను పంపుడని ప్రోత్సహించిరి. 2012లో నూటికి 7, 2013లో 15, 2014, 2015లలో 33, 2016లో 40 ప్రసంగములు స్త్రీలవయ్యెను. అయిదేండ్లలో స్త్రీల తెలివి నలువది రెట్లు పెరిగినదా? పెరిగినది పిలుపే గదా!

పిలిచిన చాలదు, వచ్చినవారిని కూర్చుండబెట్టవలెను. ఇందుకు బోస్టను నగరములోని పైథాను సంఘమువారు చేసినపని నాకు మిక్కిలి నచ్చినది. 2011లో వారు స్త్రీలకొఱకు నేర్పుబళ్లు ప్రారంభించిరి. పురుషుడు రాదలచినచో ఒక స్త్రీకి అతిథిగా రావలసియుండెను. (మన పేరంటములకు పిల్లవాండ్రు తల్లుల కొంగు పట్టుకొని వచ్చుట జ్ఞప్తికి వచ్చి నవ్వుకొంటిని.) శుక్రవారము సాయంకాల మెవరి కంప్యూటరులో వారికి కావలసిన సరంజామా అమర్చి యిచ్చుచుండిరి. క్రొత్తవారు విసిగి లేచిపోవుట ఈ అమరికవద్దనే. పొయ్యి రాజకముందే కన్నీళ్లు పెట్టుకొను క్రొత్తకోడలివంటిదే యిదియును. శనివారము పాఠమును, చిన్నచిన్న పనులును. అంతటితో సాగనంపక, తరువాత కలిసి కూర్చుండి పని చేసికొను సాయంకాలములను గూడ నేర్పఱచిరి. సంఘమున 700 మంది యుండువారు 1700 మందియైరి. దాదాపు శూన్యముగా నుండిన స్త్రీలసంఖ్య నూటికి 15 దాటెను. స్త్రీలు వచ్చినందున పురుషులు తగ్గలేదని గమనింపుడు.

పైకాన్ సభయం దింకొక వింత యుండెను. ప్రసంగించువారును, సభ నడపువారును గూడ ప్రవేశరుసుము చెల్లింపవలసియుండెను. మొదట విని నేను, పిలిచి పీటకు వెల యడుగుటవలె నున్నదే యని యీసడించితిని. తరువాత దెలిసినది: అందఱును చెల్లించుటచే రుసుము తగ్గెను; ఇచ్చుకొనలేనివారికి దారిఖర్చులతో సహా సాయము చేయుటకు నిధియు నేర్పడెను. చంటిపిల్లలను సభాస్థలమునందే చూచుకొను ఏర్పాటుకూడ తరువాతి సభలలో వచ్చినది. దీని నాలోచించుటకు మహాపండితు లక్కఱలేదు, ఒక్క తల్లి నడిగిన చాలియుండెడిది.

ఈ గాలి మనవైపునకును వీచినది. పైకాన్ ఇండియా 2009లో బెంగుళూరున మొదలై, 2018లో హైదరాబాదునకు వచ్చెను. కాని పెద్దసభ యూరికి వచ్చినంతమాత్రమున మన పిల్ల సభకు పోవునా?

మా బావగారి కుమార్తె ఇంజనీరింగు చదువుచు మా యింటనే యున్నది. నిరుడు వారి కళాశాలలో ఇట్టిదే యొక చిన్నగోష్ఠి జరుగనున్నట్లు గోడమీద కాగితము అంటించిరట. "వెళ్లవా?" అని యడిగితిని. "అది అందరికీ పెట్టింది పిన్నీ, నాకు కాదు" అనెను. నాలుగు దినములకు పై తరగతి చదువు అమ్మాయి యొకతె మా యింటికే వచ్చి, వసారాలో నిలిచి, "నువ్వు రాసిన రైళ్ల వేళల ప్రోగ్రాము చూశాను. పది నిమిషాలు దాన్ని గురించే చెప్పు, చాలు" అనెను. మా పిల్ల రెండు రాత్రులు నిద్రపోలేదు. చిత్తుప్రతి నాకే ముమ్మాఱు చదివి వినిపించెను. నాకు సగము బోధపడలేదు గాని, తడబడినచోట గుర్తు పెట్టితిని.

గోష్ఠినాడు చీకటిపడిన తరువాత వచ్చి, చల్లారిన యన్నము తినుచు, "పిన్నీ, వచ్చే ఆదివారం మన ముందుగదిలో ఆరుగురం కూర్చోవచ్చా?" అని యడిగెను. మామగారి పడకకుర్చీని వసారాలోనికి మార్చితిమి.