ట్రంకుపెట్టెలో ఉన్న ఫొటోలు గోడ మీదికి ఎట్లా వస్తాయి?

ఆత్మకూరు: ప్రతి ఏడాది ఆగస్టు 19న ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం వస్తుంది. 1839లో అదే రోజున ఫ్రాన్స్ ప్రభుత్వం ఫొటో తీసే విధానాన్ని లోకానికి బహిరంగం చేసింది. తర్వాత నవంబరులో హైదరాబాద్ మాదాపూర్‌లోని స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఇండియన్ ఫొటో ఫెస్టివల్ మొదలవుతుంది. మూడో వారం అటూ ఇటుగా మొదలై నెలకు పైగా నడుస్తుంది. దీన్ని 2015 నుంచి లైట్ క్రాఫ్ట్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ నడుపుతోంది. చూడటానికి టికెట్ లేదు. అయినా మన ఆత్మకూరు, అమరచింత వైపు ఇండ్లల్లో ఎగ్జిబిషన్ మాట ఎత్తితే "అది పెద్దోళ్ల వ్యవహారం, మనకేం పని" అంటారు.

మనకు పని ఉంది. ఎందుకో, ఎట్లాగో చూద్దాం.

లెక్క ఎట్లా నడుస్తుంది?

నేను బీకాం చదివినోణ్ణి, కాబట్టి ముందు డబ్బు సంగతే అడుగుతాను. గ్యాలరీలు స్థూలంగా రెండు రకాలు. మొదటిది వ్యాపార గ్యాలరీ. బొమ్మ అమ్ముడుపోతే ధరలో మూడో వంతు నుంచి సగం దాకా గ్యాలరీ తీసుకోవడం మామూలే. పదివేల బొమ్మ అమ్మితే కళాకారుడి చేతికి ఐదారు వేలు వస్తాయి. కాబట్టి అమ్ముడుపోయే పేరున్నవాళ్లకే అక్కడ గోడ దొరుకుతుంది. ఇది తప్పేం కాదు. దుకాణం అన్నాక కిరాయి, కరెంటు, జీతాలు ఉంటాయి.

రెండోది లాభాపేక్ష లేని చిన్న గ్యాలరీ. సొసైటీగానో, ట్రస్టుగానో, కంపెనీల చట్టం 8వ సెక్షన్ కిందనో రిజిస్టర్ అయి ఉంటుంది. లాభాపేక్ష లేదంటే డబ్బు సంపాదించకూడదని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. సంపాదించవచ్చు, కానీ మిగిలినదాన్ని సభ్యులు పంచుకోకూడదు, సంస్థ పనికే పెట్టాలి. చందాలు, గ్రాంట్లు, క్యాంటీను, హాలు కిరాయి, ఇట్లా నాలుగు వైపుల నుంచి చిల్లర కూడబెట్టి నడుపుతారు. అమ్మకం మీద కమీషన్ తక్కువ ఉంటుంది, కొన్నిచోట్ల అసలే ఉండదు. అందుకే పేరు లేని కుర్రాడి ఫొటోలకు, ఇంట్లో కూర్చొని బొమ్మలు వేసే ఆపాకు అక్కడ చోటు దొరికే అవకాశం ఎక్కువ.

కానీ ఒక మాట. "ఫ్రీ" అనగానే సంతోషపడి ఒప్పుకోవద్దు. ఫ్రేముల ఖర్చు ఎవరిది, రవాణా ఎవరిది, అద్దం పగిలితే ఎవరు కట్టుకోవాలి, అమ్మితే ఎంత శాతం, ఎన్ని రోజులు గోడ మీద ఉంటుంది, ఏ తేదీన తిరిగి తీసుకోవాలి... ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. చిన్న సంస్థల్లో మనుషులు మంచోళ్లే ఉంటారు. కానీ మనుషులు మారుతుంటారు, కాగితం ఉండిపోతుంది.

లామకాన్: ఇల్లే వేదికైంది

ఈ రెండో రకానికి దగ్గరలో ఉన్న మంచి ఉదాహరణ బంజారాహిల్స్ రోడ్ నంబర్ 1లో ఉన్న లామకాన్. డాక్యుమెంటరీ సినిమాలు తీసిన ఫొటోగ్రాఫర్ మొయీద్ హసన్ ఇల్లు అది. ఆయన పోయిన తర్వాత కుటుంబం ఆ ఇంటిని అమ్ముకోలేదు, అపార్ట్‌మెంట్ కట్టలేదు. అష్హర్ ఫర్హాన్, ఆయనతో పాటు మరికొందరు కలిసి 2010లో దాన్ని అందరికీ తెరిచిన సాంస్కృతిక వేదికగా మార్చారు. బంజారాహిల్స్‌లో గజం రేటు తెలిసినవాళ్లకు ఆ నిర్ణయం ఎంత బరువైందో అర్థమవుతుంది.

లామకాన్ అంటే ఉర్దూ తెలిసినవాళ్లకు విప్పి చెప్పనక్కర్లేదు: హద్దుల్లో ఇమడని చోటు. నాటకాలు, ముషాయిరాలు, సినిమాలు, చర్చలు, ఫొటో, పెయింటింగ్ ప్రదర్శనలు అక్కడ జరుగుతాయి. రాబోయే కార్యక్రమాల పట్టిక ముందుగా వెబ్‌సైట్‌లో పెడతారు. కార్యక్రమం చేయాలనుకునేవాళ్లు ప్రతిపాదన పంపుకోవచ్చు. పెద్ద గ్యాలరీకి పోతే చెప్పులు ఎక్కడ విడవాలో కూడా అర్థంకాక ఇబ్బంది పడేవాళ్లకు ఇక్కడ ఆ బెరుకు ఉండదు. ఇరానీ చాయ్ తాగుతూ గోడలు చూడొచ్చు.

పర్దాలో ఉన్నవాళ్ల కోసం ఒక స్టూడియో

"మన ఆడవాళ్లకు, ఫొటోలకు ఏం సంబంధం?" అని అడిగేవాళ్లు హైదరాబాద్ చరిత్ర ఒకసారి చూడాలి. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దర్బారు ఫొటోగ్రాఫర్ లాలా దీన్ దయాళ్. 1844లో ఉత్తరాన మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, హైదరాబాద్‌కు వచ్చి "రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్" అనే బిరుదు పొందాడు. ఆయన 1892లో హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచాడు. పర్దా పాటించే ఆడవాళ్ల కోసమే అది. దాని బాధ్యత కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు మహిళకు అప్పగించాడు. తీసేది ఆడవాళ్లే, తీయించుకునేది ఆడవాళ్లే. మగవాళ్లకు లోపలికి ప్రవేశం లేదు.

అంటే 130 ఏళ్ల కిందటే పర్దాను గౌరవిస్తూ ఫొటో తీసే దారి ఒకటి వెతికారు. ఇప్పుడు పెండ్లిళ్లలో లేడీ ఫొటోగ్రాఫర్ కావాలని అడిగే కుటుంబాలు కొత్తగా ఏదో అడుగుతున్నట్టు కాదు.

దీన్ దయాళ్ 1905లో చనిపోయాడు. ఆయన గాజు పలకల నెగెటివ్‌లు 2,857 దాకా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం కొన్నది. కొన్నారు కాబట్టి మిగిలాయి. నవాబుల ఫొటోలకు కొనేవాళ్లు ఉంటారు. మన దాదా, నానాల ఫొటోలను దాచేవాళ్లు మనం తప్ప ఎవరున్నారు?

తస్వీర్ మీద అభ్యంతరం ఉంటే

బొమ్మల మీద, ఫొటోల మీద ఉలమాల్లో ఒకే అభిప్రాయం లేదన్నది అందరికీ తెలిసిందే. ప్రాణమున్నవాటి బొమ్మ గీయడాన్ని ఒప్పుకోనివాళ్లు ఉన్నారు, కెమెరా ఫొటోను వేరుగా చూసేవాళ్లూ ఉన్నారు. ఈ వ్యాసం పని ఆ తీర్పు చెప్పడం కాదు, మీరు నమ్మే ఆలిమ్‌ను అడగండి. అయితే మనుషుల బొమ్మ లేకుండానే ఎగ్జిబిషన్ నిండుగా పెట్టొచ్చని మాత్రం చెప్పగలను. ఖత్తాతీ ఉంది, మసీదుల కట్టడాలు ఉన్నాయి, కృష్ణ ఒడ్డు ఉంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో చేతిరాత ఖురాన్ ప్రతులు చూస్తే ఆ కళ లోతు తెలుస్తుంది. పంజాగుట్టలో డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ 1931లో స్థాపించిన ఇదారా-ఎ-అదబియాత్-ఎ-ఉర్దూకు ఖత్తాతీ నేర్పిన పేరు ఉంది. చేతిరాత బాగున్న పిల్లలుంటే ఆ దారిలో కూడా అడిగి చూడండి.

మన దగ్గర ఏముంది చూపించడానికి?

ఆత్మకూరు మామూలు ఊరు కాదు, అమరచింత సంస్థానానికి రాజధాని. పక్కన గద్వాల కోట, మగ్గాలు. ఇటు జూరాల ప్రాజెక్టు. ఆ నీళ్ల కింద పోయిన ఊళ్ల ఇండ్లు, వాకిళ్లు, మసీదు మెట్లు ఇప్పుడు ఎక్కడైనా ఉన్నాయంటే, ఎవరి ట్రంకులోనో ఉన్న నలుపు తెలుపు ఫొటోల వెనక మసక మసకగా ఉంటాయి. పెండ్లి కోసం తీసిన ఫొటోలో పెండ్లికొడుకు వెనక గోడ కనిపిస్తుంది. ఇవాళ ఆ గోడే విలువైంది. పీర్ల పండుగ, స్కూలు గ్రూపు ఫొటో, దుబాయ్ పోయేముందు స్టూడియోలో తెర ముందు దిగిన ఫొటో, ఇవన్నీ ఎగ్జిబిషన్ సరుకే.

ముందు వాటిని కాపాడాలి. ఫ్రేము అద్దానికి అతుక్కుపోయిన ఫొటోను గుంజి తీయొద్దు, పొర ఊడి వస్తుంది. అద్దం మీది నుంచే, వెలుగు మెరవకుండా పక్క నుంచి పడేటట్టు చూసి, ఇంకో ఫొటో తీసుకోండి. పాతదాన్ని లామినేషన్ చేయించొద్దు. వెనక పెన్నుతో రాయొద్దు, పెన్సిల్ చాలు: ఎవరు, ఎక్కడ, ఏ సంవత్సరం. నానీ బతికి ఉన్నప్పుడే కూర్చోబెట్టి అడగాల్సిన పని ఇది. పేర్లు తెలిసిన చివరి మనిషి పోతే ఆ ఫొటో ఎవరిదో చెప్పేవాళ్లు ఉండరు.

తర్వాత స్కానింగ్. 4×6 అంగుళాల ఫొటోను 600 డీపీఐలో స్కాన్ చేస్తే 2400×3600 పిక్సెళ్లు వస్తాయి. గోడ మీద 12×18 అంగుళాల ప్రింటు 300 డీపీఐతో కావాలంటే 3600×5400 పిక్సెళ్లు ఉండాలి, అంటే దాదాపు 19 మెగాపిక్సెళ్లు. దూరం నుంచి చూసే ఫొటో కాబట్టి 200 డీపీఐ ఉన్నా నడుస్తుంది, 600లో చేసిన స్కాన్ సరిగ్గా అంతకు సరిపోతుంది. అసలు ప్రమాదం వాట్సాప్‌తో. మామూలుగా పంపితే ఫొటో సైజు బాగా తగ్గిపోతుంది. పొడవు వైపు 1600 పిక్సెళ్లే మిగిలితే మంచి ప్రింటు ఐదు అంగుళాలు దాటదు. ఎవరికి పంపినా డాక్యుమెంట్‌గా పంపండి.

ఇక హక్కుల సంగతి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మనం డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు డబ్బిచ్చినవాళ్లే. కాబట్టి మీ నిఖా ఆల్బమ్ ఫొటోలకు స్టూడియోవాళ్ల అనుమతి గురించి ఎక్కువగా భయపడనక్కర్లేదు. తీసినవాళ్ల పేరు తెలిస్తే కింద రాయడం మర్యాద.

చట్టం కంటే ముందు ఇంట్లోవాళ్ల అనుమతి ఉంది. 1980లలో తీసిన గ్రూపు ఫొటోలో ఉన్న ఖాలాలు, ఫూఫీలు ఇప్పుడు వేరే ఇండ్లల్లో ఉన్నారు, కొందరు తర్వాత పర్దాకు మారారు. ఒక్కొక్కరికి ఫోన్ చేసి "గోడకు పెడతాం, పేపరోళ్లు కూడా వస్తారు, మీకు సరేనా?" అని అడగాలి. వద్దంటే ఆ ఫొటో పక్కన పెట్టేయాలి, బతిమాలకూడదు. ఈ పని నెల రోజులు పట్టినా పట్టనీయండి.

హైదరాబాద్ దాకా పోవడానికి ముందు ఊళ్లోనే మొదలుపెట్టొచ్చు. ఆత్మకూరులో గ్యాలరీ అంటూ లేదు, కానీ షాదీఖానా గోడ ఉంది, స్కూలు వరండా ఉంది. ఇరవై ఫొటోలు, తాడు, క్లిప్పులు చాలు. ఫొటో నడిమి భాగం నేల నుంచి 57 అంగుళాల ఎత్తున ఉంటే పెద్దవాళ్లకు మెడ నొప్పి లేకుండా కనిపిస్తుంది. ఎండ నేరుగా తగిలే గోడ వద్దు. అసలు ఫొటోలు ఇంట్లోనే పెట్టి, గోడకు ప్రింట్లే కట్టండి. ఉర్దూలో, తెలుగులో రెండు భాషల్లో వివరం రాస్తే దాదీ, మనవరాలు ఇద్దరూ చదువుకుంటారు.

పోయి చూడాలనుకునేవాళ్లకు

ఆత్మకూరు నుంచి కొత్తకోట మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే హైదరాబాద్ సుమారు 160 కిలోమీటర్లు. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ ఆడవాళ్లకు 2023 డిసెంబరు నుంచి టికెట్ లేదు, ఆధార్ మరవొద్దు. ఎంజీబీఎస్ దగ్గర మెట్రో ఎక్కి పంజాగుట్టలో దిగితే లామకాన్‌కు ఆటోలో కొద్ది దూరం. మాదాపూర్ గ్యాలరీకి అమీర్‌పేటలో మెట్రో మారాలి. బయలుదేరే ముందు ఆ రోజు ఏముందో వెబ్‌సైట్‌లో చూసుకోండి, కార్యక్రమాలు మారుతుంటాయి. లామకాన్‌కు సోమవారం, సాలార్‌జంగ్ మ్యూజియంకు శుక్రవారం సెలవు. రెండూ ఒకే ట్రిప్పులో కావాలంటే శనివారం పొద్దున్నే మ్యూజియం, సాయంత్రం లామకాన్ పెట్టుకోండి.