కందాయం ఎక్కువ వేశారా? తకరారు అర్జీ ఇలా పెట్టుకోండి



మన చింతామణి, బాగేపల్లి, చిక్కబళ్లాపురం ఊళ్లలో ఇంట్లో మాట తెలుగు, ఆఫీసు కాగితం కన్నడం. నగరసభ నుంచి ఇంటి కందాయం నోటీసు వస్తే చాలామంది కింద ఉన్న మొత్తం ఒక్కటే చూస్తారు. పైన రాసిన లెక్క చదవరు. అంకె పెద్దదిగా ఉంటే కడుపు మండుతుంది, కట్టేసి వస్తారు. లేదా కట్టకుండా ఊరుకుంటారు. రెండూ నష్టమే. లెక్క తప్పయితే దాన్ని సరిచేయమని అడిగే హక్కు ఇంటివారికి ఉంది. ఎలా అడగాలో ఈ రోజు చెప్పుకుందాం.

కర్ణాటక పట్టణాల్లో 2002 నుంచి స్వయంఘోషిత ఆస్తి తెరిగె పద్ధతి అమల్లో ఉంది. అంటే ఇంటి కొలతలు, కట్టడం రకం, వయసు, వాడకం మనమే ఫారంలో రాసి, లెక్కవేసి కట్టాలి. అధికారులు తరువాత వచ్చి సరిచూడవచ్చు. లెక్కకు ఆధారం సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఉండే మార్గసూచి బెల, అంటే సర్కారు నిర్ణయించిన ధర. పన్ను శాతాన్ని చట్టం విధించిన హద్దుల్లో స్థానిక సభ నిర్ణయిస్తుంది. కాబట్టి ధర ఎక్కువ, శాతం ఎక్కువ అని ఒక్క ఇంటివారు తకరారు చేస్తే ఫలితం తక్కువ. మన ఇంటి వివరాలు తప్పుగా ఎక్కాయని చూపిస్తే మాత్రం అర్జీకి బలం ఉంటుంది.

ఆ తప్పులు ఎక్కడెక్కడ ఉంటాయి? మొదటిది కొలత. మనం అడుగుల్లో మాట్లాడతాం, కాగితంలో చదరపు మీటర్లు ఉంటాయి. ఒక చదరపు మీటరు అంటే 10.76 చదరపు అడుగులు. మీ ఇల్లు 20 అడుగులకు 30 అడుగులు అనుకోండి. అది 600 చదరపు అడుగులు, సుమారు 56 మీటర్లు. నోటీసులో 75 అని ఉంటే 200 అడుగులకు పైగా ఎక్కువ పడినట్టే. పెరట్లోని పశువుల కొట్టాన్ని కలిపేశారేమో చూడండి. రెండోది కప్పు. రేకుల ఇంటిని మిద్దె అని రాశారా? మూడోది వయసు. పాత ఇంటికి తరుగుదల తీశారా? నాలుగోది వాడకం. ముందు గదిలో అంగడి ఎప్పుడో మూసేసినా, ఇంకా వాణిజ్యం అనే ఉందా?

ఇంకొక మాట. మొత్తంలో అసలు పన్నుతో పాటు సెస్సులు కూడా ఉంటాయి. పన్ను మీద ఆరోగ్య సెస్సు 15 శాతం, గ్రంథాలయ సెస్సు 6, భిక్షుకుల సెస్సు 3. పన్ను 2,000 రూపాయలైతే ఈ మూడూ కలిసి 480. ఇది తప్పు కాదు. ముందు దీన్ని విడదీసి చూడండి.

తప్పు తేలితే ఇంటిని టేపుతో కొలిపించి, చేతి నకాషా ఒకటి గీయించండి. క్రయపత్రం, ఖాతా నకలు, పాత రసీదులు, కరెంటు బిల్లు, ఇంటి ఫోటో జతచేయండి. నగరసభలో అయితే పౌరాయుక్తుల పేర, పురసభలో అయితే ముఖ్యాధికారి పేర అర్జీ రాయండి. ఆస్తి నంబరు, నోటీసు తేదీ, ఏ అంకె తప్పు, సరైన అంకె ఏది అన్నది ఒక్కొక్క వరుసలో రాస్తే చాలు. అన్యాయం జరిగిందని పేజీలు నింపనక్కరలేదు. కన్నడంలో రాయించుకోవడం మేలు. స్థలానికి వచ్చి కొలవమని కోరండి. నోటీసులో ఇచ్చిన గడువు దాటకముందే అర్జీ చేరాలి. ఇచ్చినప్పుడు ముద్ర, తేదీ ఉన్న స్వీకృతి తీసుకోకుండా మెట్లు దిగకండి. నోటిమాటకు సాక్ష్యం ఉండదు.

వారు వేసిన లెక్క కాగితం చూపకపోతే, 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో నకలు అడగవచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. అర్జీ మీద వచ్చిన తీర్మానం నచ్చకపోతే పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. ఎవరికి, ఎన్ని రోజుల్లో అన్నది ఆ ఉత్తర్వులో చూడండి, లేకపోతే రాతపూర్వకంగా అడగండి.

అర్జీ పెట్టాం కదా అని కందాయం ఆపకండి. ఏప్రిల్‌లో కడితే 5 శాతం తగ్గింపు ఉంది. జూన్ దాటితే నెలకు 2 శాతం దండుగ. 2,000 రూపాయలకు నెలకు 40, మార్చి దాకా తొమ్మిది నెలలకు 360. తకరారులో గెలిచినా ఒప్పుకున్న మొత్తం మీద ఆ దండుగ మన మెడకే పడుతుంది. అందుకే మీ లెక్క ప్రకారం నిజమైన మొత్తం కట్టి, మిగిలినదాని మీద తకరారు ఉందని అర్జీలో రాయండి. కందాయం రసీదు ఒక్కటే ఇంటి హక్కుపత్రం కాదన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. అయినా దాన్ని పారేయకండి, వచ్చే ఏడు లెక్క తప్పితే మొదట అక్కరకు వచ్చేది అదే.