దిగులునకును వైద్యము కలదు

తెనాలి–రేపల్లె రైలుమార్గమునందలి జంపని గ్రామము నేడు బాపట్ల జిల్లా వేమూరు మండలములోనిది. కృష్ణా పశ్చిమ డెల్టా కాలువల నీటితో వరి పండు ఈ ప్రాంతపు పల్లెలలో స్త్రీ తన మనోవేదనను మనోవేదనగా చెప్పుకొనుట బహు అరుదు. “ఒకటే నీరసమండీ, తల దిమ్ముగా ఉంటోంది, గుండె దడదడలాడుతోంది, తిన్నది ఒంటబట్టడం లేదు” అని ఆమె ఊరి ఆర్.ఎం.పి. డాక్టరుతో చెప్పుకొనును. ఆయన రక్తపు పోటు చూచి, బలమునకు ఒక సూది వేసి, మరీ నీరసముగా కనిపించినచో సెలైన్ బాటిల్ ఎక్కించి పంపును. రెండు దినములు తేలికగా నుండును. మూడవనాడు మరల అదే దడ, అదే దిమ్ము.

ఆమె చెప్పినది అబద్ధము కాదు. దిగులు ముదిరినపుడు నిద్ర చెడును, ఆకలి మందగించును, ఒడలంతయు నొప్పులు పుట్టును, ఇవన్నియు వ్యాధిలక్షణములే. అయితే శరీరబాధకు మాత్రమే ఇంటిలో అంగీకారమున్నది. “మనసు బాగుండటం లేదు” అన్న కోడలికి “తినడానికి లేదా, కట్టుకోవడానికి లేదా, నీకేం తక్కువయింది?” అన్న ప్రశ్నయే ప్రత్యుత్తరము, అంతకు మించినచో దిష్టి తీయుట, తాయెత్తు కట్టుట. మానసిక వైద్యుని పేరెత్తినంతనే పిచ్చాసుపత్రి గుర్తుకు వచ్చి, పెండ్లి కావలసిన ఆడపిల్లలున్న ఇంట ఆ మాట గుమ్మము దాటనీయరు.

పురుషులకంటె స్త్రీలలో దిగులువ్యాధి సుమారు ఒకటిన్నర రెట్లు అధికమనియు, గర్భిణీ బాలింతలలో నూటికి పదిమందికి మించి దాని వాతబడుచున్నారనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. కాన్పుతో దేహమున కలుగు మార్పులు, రక్తహీనత, చిన్ననాటి వివాహము, మగవాని త్రాగుడు, అప్పు, ఆడపిల్ల పుట్టెనన్న సాధింపు, పొలములో కూలిపని ముగించి వచ్చినపిమ్మట ఇంటిలో మరల మొదలగు పని — ఇన్ని కారణములు ఒక్క మనిషిపై కూడుకొన్నపుడు మనస్సు క్రుంగుట ఆమె బలహీనత ఎట్లగును?

ఈ తెనాలి సీమకు స్త్రీ హృదయమును గూర్చిన చర్చ క్రొత్తది కాదు. చలము పెరిగినది తెనాలిలో. కొడవటిగంటి కుటుంబరావు 1909లో పుట్టినది తెనాలిలో. వారి రచనలను చదివి, వాదించి, వర్ధిల్లిన పఠితలున్న ప్రాంతమిది. కథలలోని స్త్రీ ఏల కుమిలిపోయెనో అర్ధరాత్రి వరకు తర్కించిన గృహస్థులు, తమ వంటయింటిలోని మనిషి ఏల నిద్రపోవుట లేదో అడిగియుండిన ఎంత బాగుండెడిది!

అడుగుటయే ఈ వైద్యమునకు ఆరంభము. మాటలతో చేయు చికిత్స అనగా ఓదార్పు కాదు, నీతిబోధ అంతకన్న కాదు. 1960వ దశకమున అమెరికాలో ఆరన్ బెక్ అను వైద్యుడు, దిగులుపడినవారి మనస్సులో కొన్ని ఆలోచనలు తమంత తామే ముసురుకొని, విచారణకు నిలువకయే సత్యములుగా చెల్లుబాటగుచున్నవని గుర్తించి, ఆ ఆలోచనలను పట్టుకొని పరీక్షించు పద్ధతిని ఏర్పరచెను. దానికి తోడుగా, దిగులు వలన మానివేసిన పనులను కొద్దికొద్దిగా మరల చేపట్టించు పద్ధతి యొకటి, భర్తతోను అత్తతోను చెడిన సంబంధములను చక్కదిద్దు పద్ధతి యొకటి పెరిగినవి.

పురుడు వచ్చి నలువది దినములైన ఒక తల్లిని తలచుకొందము. బిడ్డ ఏడ్చినప్పుడెల్ల “నేను తల్లిగా పనికిరాను” అని ఆమె గోడవైపు తిరిగి పడుకొనుచున్నది. శిక్షణ పొందిన కార్యకర్త వచ్చి “అలా అనుకోకూడదమ్మా” అనదు. “బిడ్డ ఎప్పుడేడ్చింది? అప్పుడు నీ మనసులో ఏమొచ్చింది? ఆ తర్వాత నువ్వేం చేశావు?” అని అడుగును. ఏడ్పు, ఆలోచన, పడుకొనుట, బిడ్డ మరింత ఏడ్చుట, ఆలోచన మరింత బలపడుట — ఈ వలయము తల్లికి తన నోటితోనే తేటపడును. “పాలు చాలలేదేమో, కడుపు నొప్పేమో” అన్న మరియొక ఆలోచనకు అప్పుడు చోటు దొరకును. దినమునకొకమారు బిడ్డకు తానే నూనె రాచుట, సాయంకాలము కాసేపు ఇరుగుపొరుగు స్త్రీలతో అరుగుమీద కూర్చుండుట వంటి చిన్నపనులు నిర్ణయమగును. మరుసటి వారము అవి జరిగినవా, జరుగనిచో అడ్డమేమి అని మరల మాట్లాడుకొందురు. అత్తగారిని కూడ ప్రక్కన కూర్చుండబెట్టి పని పంచుకొనుట నేర్పుదురు.

ఇది నగరములకు మాత్రమే చెల్లు వైద్యమని అనుకొనువారికి పాకిస్తానులోని రావల్పిండి పల్లెలు సమాధానము చెప్పినవి. అచట అతీఫ్ రహమాన్ బృందము, మాధ్యమిక పాఠశాల చదువు మాత్రమే గల గ్రామీణ ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణనిచ్చి, దిగులుతోనున్న గర్భిణుల ఇండ్లకు క్రమము తప్పక పంపినది. కాన్పునకు ముందునుండి బిడ్డకు సుమారు పది నెలలు నిండువరకు పదునారు సందర్శనములు. ఆ ఫలితములు 2008లో వెలువడినవి: బిడ్డకు ఆరుమాసములు వచ్చునప్పటికి, సాధారణ సందర్శనములు మాత్రమే పొందిన తల్లులలో నూటికి 53 మందికి దిగులువ్యాధి మిగిలియుండగా, ఈ చికిత్స పొందినవారిలో 23 మందికి మాత్రమే మిగిలినది. వారి బిడ్డలకు విరేచనములు తగ్గినవి, టీకాలు సక్రమముగా పడినవి. తల్లి మనస్సునకు చేసిన చికిత్స బిడ్డ కడుపునకు మేలు చేయుటకన్న ఘనమైన సాక్ష్యమేమి కావలయును? ఈ పద్ధతికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చేపుస్తకమును ప్రచురించినది. గోవాలో సాధారణ కార్యకర్తలు ఆరు నుండి ఎనిమిది విడతలలో చేసిన ఇట్టి చికిత్సయు 2017లో సత్ఫలితముల నిచ్చెను.

మన తెలుగునాట పశ్చిమ గోదావరి జిల్లా పల్లెలలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అను ఆరోగ్య పరిశోధన సంస్థవారు చేసిన యత్నము వేరొక దారిది. ఆశా కార్యకర్త చేతికి టాబ్లెట్ నిచ్చి, గడచిన రెండు వారముల నిద్ర, ఆకలి, ఉత్సాహము, చనిపోవలెనన్న తలంపు మున్నగువానిని గూర్చి తొమ్మిది ప్రశ్నలు ఇంటింట అడిగించి, ఆపదలోనున్నవారిని ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యునికి చేర్చిరి. అంతకన్న నాకు నచ్చినది, ముందుగా ఊరిలో నాటకములాడించి, కరపత్రములు పంచి, మానసిక వ్యాధిపై గల సిగ్గును పోగొట్ట జూచుట. సిగ్గు పోనిదే తలుపు తెరచుకొనదు.

అయితే ఒక హెచ్చరిక. ఈ చికిత్స ఆడుదానిని సర్దుకొని బ్రతుకుట నేర్పు సాధనము కారాదు. త్రాగివచ్చి కొట్టు భర్త ఉన్నచోట భార్య ఆలోచనలను దిద్దబూనుట వైద్యము కాదు, అన్యాయము. అట్టి యెడ 2005 నాటి గృహహింస నిరోధక చట్టము, సఖి కేంద్రము, 181 సహాయవాణి ముందు రావలయును. దిగులు మితిమీరినచో మందులు తప్పవు; ప్రాణము తీసికొన యత్నించినవారిని నేరస్థులుగా గాక తీవ్ర ఒత్తిడిలో నున్నవారిగా చూడవలెనని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది. బాలింత వింతగా మాట్లాడుచు, బిడ్డకు కీడు చేయునేమోనన్న అనుమానము కలిగినచో క్షణము ఆలసింపక ఆసుపత్రికి తీసికొనిపోవలయును.

జంపనిలోనైనను మరి ఏ పల్లెలోనైనను ఆశా కార్యకర్త గర్భిణి ఇంటికి వచ్చుచునే యున్నది. బరువు, రక్తము, టీకాలు అడుగుచునే యున్నది. ఆమెకు ఈ మాటల వైద్యమున శిక్షణయు, అదనపు పనికి తగిన వేతనమును ఇచ్చుట ప్రభుత్వము వెంటనే చేయదగిన పని. అంతవరకు ఇంటివారు చేయగలిగినది కొంత కలదు. నెలలు గడచినను నీరసము వదలని భార్యనో, కోడలినో, తల్లినో సూది వేయించుటకు తీసికొనిపోవుటకు ముందు ప్రక్కన కూర్చుండి “ఏం, దిగులుగా ఉందా?” అని అడిగి, ఆమె చెప్పినంతసేపు వినుడు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ సహాయవాణి నంబరు 14416. రేయింబవళ్లు ఏ వేళనైనను, పైసా ఖర్చు లేక, తెలుగులోనే మాట్లాడవచ్చును.