చేనుకు బైనాక్యులర్ కొంటున్నారా? పొద్దుగూకినంక చూసి కొనండి



పోయిన వానాకాలం మా పసుపులో అంతరపంటగా వేసిన మక్క పాలకంకి మీద ఉన్నప్పుడు అడవి పందులు పడ్డాయి. మన ఆర్మూరు వైపు రైతులకు ఇది కొత్త కాదు. మక్క కంకులు పోతే పోనీ అనుకుంటే, పసుపు బోదెలు కూడా తవ్వి పోసినయి. జీవామృతం పోసి, ఆచ్ఛాదన కప్పిన నేలలో వానపాములు బాగుంటాయి కదా, వాటి కోసం పందులు మూతితో దున్నుతాయి. మనం నేలకు చేసిన మంచి మనకే ఇట్ల ఎదురు తిరిగింది.

పక్క చేను కాకకు కూడా అంతే నష్టం. ఒకనాడు వచ్చి, "అరే, ఇగ లాభం లేదురా, ఇద్దరం కల్సి గట్టు పొంటి కరెంటు తీగ గుంజుదాం" అన్నాడు. నాకు గుండె ఆగినట్టయింది. వద్దంటే ఆయన పంట పోతది, సరేనంటే మనిషి ప్రాణం పోవచ్చు. "కాకా, నాలుగు రోజులు ఆగు. అవి యాడికెల్లి వస్తున్నయో ముందు చూద్దాం" అన్నా.

చూడటానికి బైనాక్యులర్ కావాలి. ఇక్కడే నేను మొదటి తప్పు చేసిన.

పెద్ద అంకెకు పడిపోయిన

ఆన్‌లైన్‌లో ఎర్రగా మెరిసే అద్దాలు, డబ్బా మీద 90 రెట్ల జూమ్, రాత్రిపూట కూడా కనిపిస్తదని బొమ్మ. ధర తక్కువ. తెప్పించిన. పగటిపూట సిద్ధుల గుట్ట మీది బండలు చూస్తే పర్వాలేదనిపించింది. సాయంత్రం ఏడు గంటలకు మంచె ఎక్కి చూస్తే నల్లటి గుడ్డ కప్పినట్టుంది. జూమ్ పెంచితే చెయ్యి వణికి బొమ్మ ఊగుతున్నది. మామూలు కంటికి కనిపించేంత కూడా దాంట్లో కనిపించలేదు.

పక్షులు చూసే అలవాటున్న ఒక దోస్తు దగ్గర 8x42 అడిగి తెచ్చుకున్న. అదే మంచె, అదే టైము. తుమ్మ పొదల కింద కదిలే వీపులు లెక్కపెట్టొచ్చు. తేడా ఎందుకొచ్చిందో అప్పుడు కూర్చొని చదువుకున్న.

ఆ రెండు అంకెల లెక్క

8x42లో 8 అంటే వస్తువును 8 రెట్లు దగ్గరగా చూపిస్తది. 42 అంటే ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. చీకట్లో పనికొచ్చేది రెండో అంకె.

పెద్ద అంకెను చిన్న అంకెతో భాగించండి. 42ను 8తో భాగిస్తే 5.25. అంటే కంటికి చేరే వెలుగు వృత్తం 5.25 మి.మీ. చీకట్లో మన కంటిపాప వయసులో ఉన్నవాళ్లకు సుమారు 7 మి.మీ. వరకు తెరుచుకుంటది, యాభై దాటితే 5 మి.మీ. దగ్గర ఆగిపోతది. వెలుగు వృత్తం కంటిపాపకు దగ్గరగా ఉంటేనే మసక వెలుతురులో బొమ్మ నిండుగా కనిపిస్తది.

ఇప్పుడు మిగతావి చూడండి:

- 8x21, 10x25 (జేబులో పట్టేవి): 2.5 మి.మీ. చుట్టుపక్కల. పగటికే పనికొస్తాయి.
- 10x42: 4.2 మి.మీ. పొద్దు పూర్తిగా మునిగేదాకా నడుస్తది.
- 8x42: 5.25 మి.మీ. చేనుకు నా ఎంపిక ఇదే.
- 10x50: 5 మి.మీ. బాగుంటది కానీ బరువు ఎక్కువ, చెయ్యి నొస్తది.
- 7x50: 7.1 మి.మీ. సముద్రం మీద ఓడలవాళ్లు ఎక్కువగా వాడే కొలత.

21 మి.మీ. అద్దానికి, 42 మి.మీ. అద్దానికి మధ్య వెలుగు తేడా రెండింతలు కాదు, నాలుగింతలు. అద్దం వెడల్పు కాదు, వైశాల్యం లెక్కకొస్తది.

విదేశాల్లో జింకల వేటగాళ్లు బైనాక్యులర్ కొనేటప్పుడు కూడా ముఖ్యంగా చూసేది ఈ లెక్కనే, ఎందుకంటే జంతువులు బయటికొచ్చేది తెల్లవారుజామున, మునిమాపున. మన దేశంలో వేట నేరం, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. పందుల బెడద భరించలేనంతగా ఉంటే అటవీ శాఖ దగ్గరికి పోవాలి, మనమే తుపాకీ పట్టరాదు, ఉచ్చు పెట్టరాదు. వాళ్ల లెక్క తీసుకుందాం, వేట మాత్రం వద్దు.

షాపులో ఏం చూడాలి

1. బైనాక్యులర్‌ను చేతి దూరంలో పట్టుకొని, వెలుతురు వైపు తిప్పి కంటి అద్దాల్లోని వెలుగు వృత్తాలు చూడండి. గుండ్రంగా ఉంటే లోపలి పట్టకం మంచిదే (పెట్టె మీద బాక్-4 అని ఉంటది). అంచులు నలుపలకలుగా, బూడిద రంగుగా కనిపిస్తే తక్కువ రకం.
2. అద్దాలకు పూత. "ఫుల్లీ మల్టీ కోటెడ్" అని ఉండాలి. అద్దంలో ఆకుపచ్చ, ఊదా రంగు మెరుపు సన్నగా కనిపిస్తది. అద్దంలా తళతళమనే ఎర్రపూత ఎర్ర వెలుగును వెనక్కి కొట్టేస్తది, సాయంత్రం అదే మనకు నష్టం.
3. వానాకాలం వాడేది కాబట్టి వాటర్‌ప్రూఫ్, లోపల నైట్రోజన్ నింపినది తీసుకోండి. లేకుంటే లోపల ఆవిరి పట్టి, బూజు వస్తది.
4. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు "ఐ రిలీఫ్" 15 మి.మీ. కంటే ఎక్కువ ఉన్నది చూడండి.
5. దగ్గరి ఫోకస్ 2-3 మీటర్లు ఉంటే ఆకు మీద పురుగును కూడా వంగకుండా చూడొచ్చు.
6. వీలైతే షాపువాడిని అడిగి, పొద్దుగూకే టైముకు బయటికి తెచ్చి చూడండి. ట్యూబ్‌లైటు కింద ప్రతిదీ బాగానే కనిపిస్తది.

కొన్నాక రెండు కళ్లకు సరిచేసుకోవాలి. కుడి కన్ను మూసి, నడిమి చక్రంతో ఎడమ కంటికి స్పష్టంగా తెచ్చుకోండి. తర్వాత ఎడమ కన్ను మూసి, కుడి కంటి అద్దం దగ్గరి రింగు తిప్పండి. ఇది చెయ్యక తలనొప్పి వస్తదని మూలకు పడేసినవాళ్లు చానా మంది. వీడియోలో చేసి చూపించిన. సూర్యుడి వైపు మాత్రం ఎప్పుడూ తిప్పొద్దు, కన్ను పోతది.

నాలుగు సాయంత్రాల్లో ఏం కనిపించింది

మేమందరం పందులు గుట్ట వైపు నుంచే వస్తున్నయని అనుకున్నాం. మంచె కూడా అటే వేసినం. చూస్తే అవి వాగు పక్క సర్కారు తుమ్మ పొదల్లో నుంచి, ఒకే మూల దగ్గర గట్టు దిగుతున్నయి. ఒక తల్లి, దాని పిల్లలు, వెనుక ఇంకో రెండు. అంతే. మంద అనుకున్నది ఒక కుటుంబం.

మూడో సాయంత్రం కాకను కూడా మంచె ఎక్కించిన. ఆయన కళ్లకు పెట్టుకొని చూస్తుండగానే, పందులు దిగే ఆ గట్టు మీద నుంచే ఆయన మనవడు మోటరు బంద్ చేయడానికి నడుస్తున్నాడు. ఆయన తీగ గుంజుదామన్నది సరిగ్గా అక్కడే. కాక బైనాక్యులర్ దించి చాలాసేపు మాట్లాడలేదు. తీగ మాట మళ్లీ ఎత్తలేదు.

మూడు దిక్కులా కంచె అనుకున్నది, వాగు మూలకు మాత్రమే సోలార్ కంచె వేసినం. అది ఆగి ఆగి చిన్న దెబ్బ కొడతది, ప్రాణం తీయదు. లైనుకు నేరుగా తగిలించిన తీగ వేరు, అది నేరం, హత్యతో సమానం. పొదలు కొంత కొట్టేసి చూపు తెరిపించినం. నష్టం పూర్తిగా ఆగలేదు, ఒకట్రెండు రాత్రులు వేరే దారిన వచ్చినయి. కానీ మిగతా మక్క చేతికొచ్చింది, పసుపు నిలిచింది.

పగటిపూట ఇంకో పని

ఇప్పుడు నాది సొంత 8x42. పొద్దున పూట దాంతో పక్షులను చూస్తున్న. చేన్ల పాతిన టీ ఆకారపు కర్రల మీద పసులపోలిగాడు కూర్చుంటాడు, మన రాష్ట్ర పక్షి పాలపిట్ట కూడా అప్పుడప్పుడు. ఏ కర్ర మీద ఎక్కువ వాలుతున్నయో, నోట్లో ఏం పట్టుకొస్తున్నయో చూస్తే కర్రలు ఎక్కడ పాతాలో తెలుస్తది. 2018లో దేశంలోకి వచ్చిన కత్తెర పురుగు మక్కను ఎంత ఏడిపించిందో మనకు తెలుసు. దాని లార్వాలను ఏరే పని పక్షులు జీతం లేకుండా చేస్తాయి. యాసంగిలో ఎర్రజొన్న మీద రామచిలుకలు ఏ చెట్టు నుంచి దిగుతున్నయో కూడా ముందే తెలిస్తే, కావలి ఎక్కడ ఉండాలో తెలుస్తది.

వాడినాక మెత్తటి బట్టతో తుడిచి, సిలికా జెల్ పొట్లం వేసిన డబ్బాలో పెట్టండి. మెడ తాడు లేకుండా మంచె ఎక్కొద్దు.

మీ చేన్లకు పందులు ఎటు నుంచి వస్తున్నయో మీకు నిజంగా తెలుసా? తీగకు, కంచెకు పైసలు పెట్టే ముందు రెండు సాయంత్రాలు కూర్చొని చూడండి. బైనాక్యులర్ దోస్తును అడిగి తెచ్చుకున్నా సరే.