రేనాటి వీరపత్నులు

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు నెఱుగనివారు నేడు రేనాట లేరు. ఓర్వకల్లు విమానాశ్రయమునకు 2021లో ఆయన పేరే పెట్టబడినది. మాకును సంతోషమే. కాని ఆయన ధర్మపత్నులు సిద్ధమ్మ, పేరమ్మ, ఓబులమ్మల పేర్లు నంద్యాలలోగాని ఆళ్లగడ్డలోగాని నలుగురి నడిగి చూడుడు. చెప్పగలవా రెందఱు?

ఆ పోరాటమునకు మూలమైన కారణములలో నొకటి తల్లివైపు హక్కు. నొస్సము జమీందారు చెంచుమల్ల జయరామిరెడ్డి ఆయనకు మాతామహుడు. జయరామిరెడ్డి గతింపగా, వారసులు లేరను మిషతో కుంపిణీవారు నొస్సము భరణమును రద్దు గావించిరి. కూతురి కొడుకు వారి లెక్కకు రాలేదు! తండ్రివైపున దక్కిన తవర్జీ నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. ఇనాములు పోయిన గ్రామోద్యోగులును తోడుకాగా, 1846 జూలైలో కోవెలకుంట్ల ఖజానాపై తిరుగుబాటుదారులు పడిరి.

పిమ్మట జరిగినది మఱవరానిది. వీరుడు చేతికి చిక్కకుండుటచే ఆయన కుటుంబమును కుంపిణీవారు కడపలో నిర్బంధించిరి. దీనిని రాజనీతి యనువా రందురుగాక; మేము పిఱికితన మందుము. తనవారిని విడిపింపవలెనను తహతహయే ఆయనను కడపవైపు రప్పించినది. 1846 అక్టోబరు 6న పేరుసోముల ప్రాంతమున పట్టుబడెను. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరితీయబడెను. ఆయన శిరస్సును 1877 వఱకు కోటగుమ్మమున వ్రేలాడగట్టిరి. ఆ ముప్పదియేండ్లును ఆ త్రోవనే సంతకును నీళ్లకును పోయివచ్చిన తల్లులు తమ బిడ్డలకేమి చెప్పియుందురో పాఠకులే యూహింపవలయును.

అనుచరులలో 112 మందికి 5 మొదలు 14 ఏండ్లవఱకు శిక్షలు పడినవి. చెఱసాలకు పోయినవాడు పురుషుడు. ఇంటనున్న యిల్లాలికో? సేద్యము, శిస్తు, పిల్లల పోషణము, సర్కారువారి నిఘా. ఆమె శిక్షకు తీర్పుపత్రము లేదు.

అమెరికా స్వాతంత్ర్యసమరమున, 1780లో ఫిలడెల్ఫియా స్త్రీలు ఎస్తరు రీడు నాయకత్వమున ఇల్లిల్లు తిరిగి చందాలు వసూలుచేసిరి. సైనికుల చేతికి రొక్క మియ్యవలదు, చొక్కాలు కావలయునని వాషింగ్టను కోరగా రెండువేలకు పైగా కుట్టి పంపిరి. ఒక్కొక్క చొక్కామీద కుట్టినయామె పేరుండెనట! రేనాటి తల్లులకు ఆపాటి గుర్తైనను దక్కలేదు.

2022లో నంద్యాల ప్రత్యేక జిల్లా అయినది. ఉయ్యాలవాడయు కోవెలకుంట్లయు అందులోనివే. ఆళ్లగడ్డ శిల్పుల యులికి దేశమంతట పేరున్నది. కోవెలకుంట్లలో నొక శిలాఫలకముపై ఆ మువ్వురి పేర్లు చెక్కించుటకు జిల్లా యధికారులకు వ్యయమెంత? ఆ మువ్వురి పేర్ల క్రింద, పేరు దక్కని 112 యిండ్ల యిల్లాండ్రకై యొక పంక్తియు చెక్కింపవలెనని మా కోరిక.