ఎదిగే పిల్లల బడి దుస్తులు – ఇంటింటికీ ఒక మాట



మా షోలాపూర్ చద్దర్ల పేరు, తువ్వాళ్ల పేరు మీరు వినే ఉంటారు. బడి యూనిఫాంలు కుట్టడంలో కూడా ఈ ఊరికి పేరుందన్న సంగతి బయటివారికి అంతగా తెలియదు. తాతల కాలంలో కరీంనగర్, వరంగల్, పాలమూరు వైపు నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మన పద్మశాలి కుటుంబాల్లో ఇవాళ కొందరు సాంచెల మీద ఉన్నారు, కొందరు ఆడవాళ్లు బీడీలు చుడుతున్నారు, మరికొందరు కుట్టుమిషన్ల ముందు కూర్చున్నారు. సంక్రాంతి దాటిందంటే మా పేటల్లో మిషన్ల చప్పుడు పెరుగుతుంది. ఏ ఊరి పిల్ల తొడుక్కుంటుందో తెలియని స్కర్టులు, ఏ రాష్ట్రపు పిల్లవాడు వేసుకుంటాడో తెలియని నిక్కర్లు కట్టలు కట్టలుగా గడప దాటిపోతాయి. నేను ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పినదాన్ని. ఇప్పుడు కోడలి మిషను పక్కన కూర్చుని కాజాలు, గుండీలు చూసుకుంటున్నాను. కనుక యూనిఫాంను తొడిగించినవైపు నుంచీ చూశాను, కుట్టేవైపు నుంచీ చూస్తున్నాను.

ఊరూరి పిల్లలకు డ్రెస్సు కుట్టి పంపే ఇండ్లలోనే, మన పిల్ల ఏం తొడుక్కోవాలి అన్న దగ్గర మాత్రం ఏటా వాదులాట. చిన్నపిల్లల విషయంలో ఈ గొడవ రాదు. ఏడో తరగతి దాటాక వస్తుంది. పన్నెండు నుంచి పదిహేనేళ్ల మధ్య పిల్లలు ఏ కొలతకూ నిలవరు. ఆడపిల్లలు ముందు ఎదుగుతారు, మగపిల్లలు ఒకటి రెండేళ్లు ఆలస్యంగా అందుకుని ఒక్కసారిగా సాగుతారు. ఆ సాగే ఏడాదిలో ఎనిమిది, తొమ్మిది సెంటీమీటర్ల ఎత్తు పెరిగే పిల్లలు సాధారణంగానే కనబడతారు. మూడంగుళాల మడత లోపలికి వదిలి కుట్టించిన ప్యాంటు కూడా మరుసటి జూన్ నాటికి చీలమండ మీదికి వచ్చి కూర్చుంటుంది.

పోయిన ఏడు నాకు తెలిసిన ఒక బడిలో పాలక సభ జరిగింది. ఎనిమిదో తరగతి నుంచి ఆడపిల్లల డ్రెస్సు మార్చాలా వద్దా అన్నది విషయం. అప్పటిదాకా మోకాలు దాటిన స్కర్టు, తెల్ల చొక్కా ఉండేవి. దానికి బదులు తెల్ల సల్వారు, రంగు కమీజు, పైన మడతపెట్టి పిన్ను గుచ్చిన తెల్ల చున్నీ పెట్టాలని బడివారి ప్రతిపాదన. నన్ను పాత టీచరునని పిలిచారు. గంటలో ముగుస్తుందనుకున్న సభ మూడు గంటలు సాగింది.

మొదట లేచినావిడ బీడీ కార్మికురాలు. ఊరి బయట కార్మికుల కాలనీ నుంచి వస్తుంది. "సార్, పోరి ఎదుగుతాంది. గీ మోకాళ్ల కాడికి స్కర్టేసుకొని సిటీ బస్సుల ఎట్ల నిలవడతది? నాకైతే చుడీదారే గావాలె" అంది. చాలామంది తల్లులు తలలూపారు. వినేవారిలో కొందరికి ఇది పాతకాలపు మాటగా తోచవచ్చు. కాని ఆవిడ చెప్పింది మర్యాద గురించి కాదు, కిక్కిరిసిన బస్సు గురించి. కూతురు రోజూ ఆ బస్సులో పోయి రావాలి, లేదా బడి మానాలి. ఆవిడ ముందున్న దారులు ఆ రెండే.

వెంటనే ఒక తండ్రి లేచాడు. సాంచెల మీద రాత్రి పాళీ చేసి నేరుగా సభకు వచ్చిన మనిషి. "పోయినేడు తీసిన డ్రెస్సు ఇంక చినగలే. మీరు మళ్ల మారుస్తమంటె నేనెన్ని నైట్లు ఎక్కువ చెయ్యాలె?" అన్నాడు. అతని లెక్క నాకు తెలుసు. పద్నాలుగేళ్ల పిల్లకు కుచ్చుల స్కర్టు, చొక్కా కలిపి సుమారు మూడు మీటర్ల గుడ్డ పడుతుంది. సల్వారు కమీజుకు నాలుగు మీటర్లు, చున్నీకి ఇంకో రెండు. మగపిల్లలకైనా అంతే, నిక్కరు నుంచి నిండు ప్యాంటుకు పోతే గుడ్డ దాదాపు రెట్టింపు.

ఇక్కడే తల్లిదండ్రులు తెలుసుకోవలసిన ఒక సంగతి ఉంది. సమగ్ర శిక్ష పథకం కింద ప్రభుత్వ బడుల పిల్లలకు రెండు జతల యూనిఫాంకు ఏడాదికి 600 రూపాయల లెక్కన కేంద్ర సాయం అందుతుంది. ఆడపిల్లలందరికీ, షెడ్యూల్డు కులాల, తెగల మగపిల్లలకూ, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న మగపిల్లలకూ ఇది వర్తిస్తుంది. అయితే ఎనిమిదో తరగతి వరకే. తొమ్మిదిలో అడుగుపెట్టగానే ఆ సాయం ఆగిపోతుంది. సరిగ్గా అప్పుడే పిల్ల ఎదుగుతుంది, గుడ్డ ఎక్కువ కావాలి, బడి కూడా పెద్దపిల్లల డ్రెస్సుకు మారమంటుంది. మూడూ ఒకే జూన్‌లో వచ్చి మీద పడతాయి. కొన్ని రాష్ట్రాలు తమ సొంత డబ్బుతో పై తరగతులకు కూడా ఇస్తున్నాయి, అది వేరే మాట. కాని డ్రెస్సు మార్చేవారు ఈ 600 ఎక్కడ ఆగుతుందో చూసుకుని మార్చితే సగం గొడవ తగ్గుతుంది.

మహారాష్ట్రలో ఈ మధ్య జరిగినది కూడా ఒక పాఠమే. 2024-25 విద్యా సంవత్సరంలో ప్రభుత్వ బడులన్నిటికీ ఒకే రంగు యూనిఫాం అని, గుడ్డ ఒకచోట కొని, కుట్టుపని మహిళా బృందాలకు అప్పగించారు. ఆలోచన చెడ్డది కాదు. కాని చాలాచోట్ల బట్టలు ఆలస్యంగా వచ్చాయి, వచ్చినవి పిల్లల ఒంటికి సరిపోలేదు. ఒంటిమీద టేపు పెట్టకుండా ఎనిమిదో తరగతి పిల్లకు కుట్టగల దర్జీ ఇంకా పుట్టలేదు, ఈ మాట మిషను పక్కన కూర్చుని చెబుతున్నాను. చివరికి 2024 డిసెంబరులో ప్రభుత్వం ఆ పద్ధతి విడిచి, యూనిఫాం పనిని తిరిగి బడి నిర్వహణ కమిటీలకే అప్పగించింది.

ఈ కమిటీల మాట కొంచెం వివరంగా చెప్పాలి. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు. ప్రభుత్వ, మునిసిపల్ బడుల్లో వీరి మాటకు బలముంది. ఎయిడెడ్ బడుల్లో వీరిది సలహా ఇచ్చే పాత్ర మాత్రమే. ప్రభుత్వ సాయం లేని ఖాసగీ బడులకు ఈ సెక్షను వర్తించదు. మహారాష్ట్రలో మాత్రం 2011 ఫీజుల చట్టం కింద అక్కడ కూడా తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సంఘం ఉండాలి. మన మనిషి కమిటీలో ఉన్నాడని కూడా తెలియకుండా బడి గేటు బయట నిలబడి తిట్టుకునే తల్లిదండ్రులను ఎందరినో చూశాను.

సరే, సభకు తిరిగి వద్దాం. ఆసుపత్రిలో నర్సుగా చేసే ఒకావిడ లేచి, స్కర్టూ వద్దు, సల్వారూ వద్దు, మగపిల్లల్లాగా ప్యాంటు చొక్కా ఇవ్వండి అంది. చున్నీ సైకిలు చక్రంలో పడుతుందని, ప్రయోగశాలలో దీపం దగ్గర ప్రమాదమని ఆవిడ వాదన. కేరళలో కోళికోడ్ జిల్లా బాలుశ్శేరి ప్రభుత్వ బాలికల పాఠశాలలో 2021 డిసెంబరు నుంచి ఇట్లాగే ప్యాంటు చొక్కా పెట్టారని, అక్కడ కూడా కొందరు మెచ్చుకుంటే కొందరు నిరసన చేశారని నేను చెప్పాను. వెనకాల ఎవరో "మన ఇండ్లల్ల నడవది" అన్నారు. "మీ బిడ్డ జిమ్‌నాస్టిక్స్‌ల ఏమేసుకుంటది?" అని ఆవిడ వెనక్కి తిరగకుండానే అడిగింది.

ఒక తాత ఉన్నాడు. మనుమరాలి తరఫున వచ్చాడు. ఆయన బాధ డ్రెస్సు కాదు, గోరింటాకు. బతుకమ్మ పండుగకు చేతులకు పెట్టుకున్న గోరింటాకు చూసి బడిలో జరిమానా వేశారట. తలలో పువ్వు తీయించారట. "బతుకమ్మ పూట ఆడపిల్ల చేతికి గోరింటాకు పెట్టొద్దంటె ఎట్లనయ్యా?" అన్నాడు. మరాఠీ దేశంలో నాలుగు తరాలుగా ఉంటూ ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ మాట్లాడుకునే మనకు పండుగ ఒక ఆనవాలు. బడివారికి అది క్రమశిక్షణ లోపంగా కనబడింది. యూనిఫాం వేరు, ఒంటి మీది గుర్తుల నియమాలు వేరు. జుట్టు, బొట్టు, గాజులు, పువ్వు, ఇవి రెండోరకం. వీటిలో తొందరపడి గీత గీస్తే ఎక్కడ తేలుతుందో మన పక్కనున్న కర్ణాటకలో చూశాం. 2022 ఫిబ్రవరి 5న వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వు, తలగుడ్డతో వచ్చిన ముస్లిం బాలికలను కాలేజీ గుమ్మం దగ్గర ఆపడం, మార్చి 15న హైకోర్టు ఆ ఉత్తర్వును నిలబెట్టడం, అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు రెండు తీర్పులివ్వడం, అన్నీ ఎనిమిది నెలల్లో జరిగాయి. పెద్ద న్యాయమూర్తులకే ఏకాభిప్రాయం కుదరనిచోట మన పాలక సభలో కుదరలేదంటే సిగ్గుపడవలసింది లేదు. కాని ఆ ఎనిమిది నెలల్లో పరీక్షలు తప్పిన పిల్లల సంగతి మరచిపోగూడదు.

ఒక మాట చెబుతాను. నా తమ్ముడి కొడుకు తొమ్మిదిలో ఉండగా, పొట్టిదైన ప్యాంటు వేసుకొచ్చాడని ప్రార్థన వేళ వరుసలోంచి బయటికి పిలిచి నిలబెట్టారు. ఇంట్లో ఆ నెల కొత్తది తీసే పరిస్థితి లేదు. వాడు ఆ మాట ఎవరికీ చెప్పలేదు. పది రోజులు టిఫిన్ డబ్బా పట్టుకుని బయలుదేరి, స్టేషను దగ్గర కూర్చుని సాయంత్రం ఇంటికి వచ్చాడు. బడి నుంచి చీటీ వచ్చాకే మాకు తెలిసింది. నేను స్వయంగా టీచరునై ఉండి, అంతకుముందు ఎందరు పిల్లలను అట్లా వరుసలోంచి పిలిచానో ఆ రాత్రి లెక్కపెట్టుకున్నాను.

సభ రెండు గంటలు దాటాక పెద్దసారుకు ఒక ఆలోచన వచ్చింది. ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లలను పక్క గదిలో కూర్చోబెట్టి, ఇద్దరు లేడీ టీచర్లను, నన్ను పంపారు. పేరు రాయకుండా కాగితం మీద మీకేం కావాలో రాయండి అన్నాం. నేను స్కర్టో, సల్వారో, ప్యాంటో అని లెక్కపెట్టడానికి సిద్ధమయ్యాను.

కాగితాలు విప్పితే, సగానికి పైగా వాటిలో ఉన్న మొదటి మాట జేబు. మూడు గంటలు మేం పెద్దవాళ్లం వాదించుకున్నదాంట్లో జేబు అన్న మాటే రాలేదు. బస్సు చిల్లర పెట్టుకోవడానికి, రుమాలుకు, ఆ అయిదు రోజుల్లో ప్యాడు చేతిలో పట్టుకుని మగపిల్లల ముందు నుంచి నడవకుండా ఉండడానికి. మగపిల్లల నిక్కరుకు రెండు జేబులు, వెనక ఇంకొకటి. ఆడపిల్లల సల్వారుకు ఒక్కటీ లేదు. ఇన్నేళ్లుగా ఇన్ని వందల జతలు మా చేతుల మీదుగా పోయాయి, నాకూ తట్టలేదు.

రెండో మాట రంగు. తెల్ల సల్వారు వద్దని దాదాపు అందరూ రాశారు. నెలసరి రోజుల్లో మరక పడుతుందన్న భయంతో బెంచీ మీంచి లేవడానికే జంకుతామని ఒక పిల్ల రాసింది. ఆ రోజుల్లో బడికే రానని ఇంకొక పిల్ల రాసింది. ఏడాదికి ఎన్ని రోజులు పోతాయో మీరే లెక్క వేసుకోండి. ముదురు రంగు గుడ్డకు తెల్లగుడ్డకు ధరలో చెప్పుకోదగ్గ తేడా లేదు. తెలుపు శుభ్రంగా కనబడుతుందన్నది బడివారి మాట. ఆ శుభ్రం కోసం బట్టలు ఉతికేది తల్లులు, భయపడేది పిల్లలు.

చున్నీ విషయంలో పిల్లలు రెండుగా చీలిపోయారు. కావాలన్నవారు కొందరు, బరువన్నవారు కొందరు. ఎండాకాలంలో నలభై డిగ్రీలు దాటే ఊరిలో టెరికాటన్ కమీజు మీద ఇంకో పొర అంటే తేలిక కాదు మరి.

ఆ కాగితాలు సభలో చదివి వినిపించాం. నెలసరి మాట వచ్చినప్పుడు తండ్రులు కొందరు కింద చూశారు. సాంచెల తండ్రి మాత్రం తలెత్తి, "నల్లదో నీలందో ఏదైనా సరే, ఉన్న స్కర్టు చినిగిందాంక తొడుక్కోనియ్యుండ్రి, కొత్తది తీసేటప్పుడు గిది తీస్తం" అన్నాడు. మూడు గంటల్లో నేను విన్న మంచి మాట అదే. బడివారు ఒప్పుకున్నారు. కొత్త డ్రెస్సు నీలం సల్వారు, లేత నీలం కమీజు. చున్నీ ఇష్టమైతేనే. పాత స్కర్టు ఉన్నవారికి రెండేళ్ల గడువు. గుడ్డ ఏ దుకాణంలోనైనా కొనుక్కోవచ్చు. ప్యాంటు చొక్కా అడిగిన నర్సమ్మకు ఆటల పీరియడుకు ప్యాంటు ఇస్తామన్నారు. ఆవిడ తృప్తిపడలేదు, వచ్చే ఏడు మళ్లీ అడుగుతానంది. తాతగారి గోరింటాకుకు జరిమానా ఎత్తేశారు గాని, పువ్వుల విషయం తేలలేదు.

ఆర్డరు మా వీధికే వచ్చింది. కత్తెర పట్టే కుర్రవాడు జేబు అనగానే ముఖం చిట్లించాడు. సల్వారు పక్క కుట్టులో జేబు పెట్టాలంటే కట్టింగు మారుతుంది, ఒక్కో జతకు కుట్టు కూడా పెరుగుతుంది అన్నాడు. నా కోడలు కమీజు పక్కన, కుట్టు లోపలికి, బయటికి కనబడకుండా అరచేతి లోతు జేబు ఒకటి పెట్టి చూపింది. మొదటి జత మా మనుమరాలికే వేసి చూశాం. అది వేసుకుని చేతులు రెండూ జేబుల్లో దోపుకుని అద్దం ముందు నిలబడింది. "నానమ్మా, కుడిదిక్కు ఇంకొంచెం లోతు కావాలె" అంది. కోడలు కుట్టు విప్పి మళ్లీ మొదలుపెట్టింది.